పన్నెండుకు ముందు పుట్టిన బిడ్డ

పోయిన వారం నన్ను లేబర్ రూం గడప మీద నిలబెట్టి కథ ఆపేశాను. లోపల బల్ల మీద మా ఊరి యామినక్క నొప్పులు పడుతోంది. తిరుపతమ్మ సిస్టర్ తల తిప్పి, "రామ్మే, ఈ కాన్పు నీదే" అంది.

ఆ ఒక్క కాన్పు కోసం నేను ఎందుకంతగా ఎదురుచూశానో ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళకు చెప్పాలి. నా పేరు దిల్షాద్. వేంపల్లె పక్కన పల్లె మాది. మా నాయన హుసేన్ వలి పరుపులు కుడతాడు. కడపలో ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో నేను ఏఎన్ఎం రెండో సంవత్సరం చదువుతున్నాను. కాన్పులు చేసే మనిషి కావడానికి ఇంత తతంగం ఉంటుందని చేరేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంటర్ పాసవ్వాలి. పదిహేడేళ్ళు నిండాలి. రెండేళ్ళు చదువుతూనే పల్లెల్లో, ఆసుపత్రుల్లో డ్యూటీలు చేయాలి. చెప్పినన్ని కాన్పులు సొంత చేతులతో చేయాలి. చేసిన ప్రతి కాన్పుకూ రిజిస్టరైన నర్సు పక్కనే నిలబడి చూసి సంతకం పెట్టాలి. అవన్నీ పూర్తయితేనే పరీక్షకు కూర్చోనిస్తారు. పాసైతే నర్సింగ్ కౌన్సిల్లో పేరెక్కి ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు లేకుండా నా అంతట నేను కాన్పు చేస్తే అది నేరం.

జేజి అని నేను పిలిచే మా నాయనమ్మ బషీరాబీ ఇదంతా విని నవ్వింది. "నేను ఆరుమందిని కన్నా. బిడ్డల్ని పట్టిన చేతులను నీ నంబరెంతని ఎవురూ అడగల్యా" అంది.

నాకు ఇంకొక్క కాన్పు మిగిలింది. మిగతా అమ్మాయిలకు ఎప్పుడో పూర్తయ్యాయి. నొప్పులతో ఎవరైనా రాగానే వాళ్ళు ముందుకు తోసుకుంటూ పోయి బల్ల దగ్గర నిలబడతారు. నేను వెనక గోడకు ఆనుకుని ఉంటాను. నా వంతు అని చెప్పడానికి నోరు తెరిచేసరికి బిడ్డ ఏడుపు వినిపిస్తుంది. పైగా మా స్కూలుకు అనుబంధంగా ఉన్న ఈ నర్సింగ్ హోంలో మామూలు కాన్పులే తక్కువ. ఆపరేషన్‌కు టైం డాక్టరమ్మ కంటే ముందు పంతులు పెడతాడు. మంచి నక్షత్రం ఉన్న రోజు థియేటర్ ముందు పెళ్ళి మంటపం ముందున్నంత జనం ఉంటారు. అలాంటి రోజు మా స్టూడెంట్లకు గుడ్డలు మడతపెట్టడం తప్ప పని ఉండదు.

మా స్కూలుకు ఇదే చివరి బ్యాచ్. కౌన్సిల్ మా స్కూలు గుర్తింపును ఇక పొడిగించలేదు. ఈ పరీక్షకు కూర్చోలేకపోయినవాళ్ళు ఇంకో చోట మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి చదవాలి. అది మా నాయనకు ఇంకా చెప్పలేదు. మా ట్యూటర్ మధులత మేడం ఆ రోజు సాయంత్రానికల్లా కాన్పుల లెక్క పూర్తి చేయమంది. అంటే యామినక్క కాన్పు నా చేతుల్లో జరగాలి. లేకపోతే రెండేళ్ళు పోయినట్టే.

గడప దాటి లోపలికి వెళ్ళాను.

యామినక్క నన్ను చూసి చెయ్యి చాపింది. ఊళ్ళో ఆమె పెద్ద రైతు ఇంటి కోడలు. వాళ్ళకు చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలున్నాయి. వాళ్ళింట్లో పరుపులు కుట్టడానికి మా నాయనతో పాటు చిన్నప్పుడు నేనూ పోయేదాన్ని. వసారా దాటి లోపలికి ఎప్పుడూ పోలేదు. యామినక్క పెళ్ళై వచ్చాక మాత్రం నన్ను వంటింట్లో కూర్చోబెట్టి ఇంటర్ లెక్కలు చెప్పేది. ఆమెకు తల్లి లేదు. అందుకే తొలి కాన్పైనా పుట్టింటికి పోకుండా అత్తింటివాళ్ళే కడపకు తెచ్చారు. ఆపరేషన్‌కు గురువారం మంచి టైం పెట్టించుకున్నారు. నొప్పులు మంగళవారమే వచ్చాయి.

"నువ్వే చేస్తావంట కదా" అంది ఆమె, పళ్ళు బిగించి. "సరే. నాకు లెక్కల ఫీజు ఇచ్చినట్టు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తిరుపతమ్మ సిస్టర్ పరీక్ష చేసి, అంతా సవ్యంగా ఉందని, ఒక గంటలోపల అయిపోతుందని చెప్పింది. నా చేతులు పట్టుకుని, తల వచ్చేటప్పుడు ఏ వేలు ఎక్కడ ఉండాలో ఇంకోసారి చూపించింది. బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న మిషను యామినక్క కడుపు మీద పెట్టింది. గది నిండా ఆ చప్పుడు గుర్రం పరుగులాగా వినిపించింది.

అప్పుడే థియేటర్ ఆయా పరిగెత్తుకుంటూ వచ్చింది. అక్కడ ఆపరేషన్ చేస్తున్న తల్లికి రక్తం ఆగడం లేదట. డాక్టరమ్మ సిస్టర్‌ను వెంటనే రమ్మందట. తిరుపతమ్మ సిస్టర్ ఒక్క క్షణం యామినక్క వైపు చూసింది. తర్వాత నా వైపు.

"నేను వచ్చేదాకా ఆమెను ఊపిరి పీల్చుకుంటూ ఉండమను. ముక్కనీవద్దు. నువ్వు ముట్టుకోవద్దు. నా సంతకం లేని కాన్పు నీ కాన్పు కాదు, కేసు అవుతాది. తెలుస్తాందా?"

తల ఊపాను. ఆమె వెళ్ళిపోయింది. గదిలో యామినక్క, నేను, ఆ గుండె చప్పుడు మిగిలాం.

కాసేపటికి తలుపు తోసుకుని యామినక్క అత్త ఓబుళమ్మ లోపలికి వచ్చింది. ఆ గదిలోకి బయటివాళ్ళు రాకూడదు. ఆ మాట చెప్పాల్సింది నేను. ఓబుళమ్మ పెద్దమ్మ ముందు నేను ఎప్పుడూ గట్టిగా మాట్లాడింది లేదు. మా నాయన కూడా మాట్లాడడు. ఆమె చేతిలో ఫోన్ ఉంది. అప్పుడే పంతులుతో మాట్లాడి వచ్చిందని ఆ తర్వాత అర్థమైంది.

"ఏమ్మే పాపా, ఇంకెంతసేపు పడతాది?"

ఇంకాసేపే పెద్దమ్మా అన్నాను.

"కాసేపంటే? పన్నెండు దాటతాదా?"

చెప్పలేమన్నాను. బిడ్డ కిందికి దిగుతోందని చెప్పాను. ఆమె గోడ గడియారం వైపు చూసింది. పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. వచ్చి యామినక్క కాళ్ళ దగ్గర నిలబడి, గొంతు తగ్గించి చెప్పింది. పన్నెండు దాకా మఖ నక్షత్రం మొదటి పాదం నడుస్తుందట. ఆ పాదంలో బిడ్డ పుడితే తండ్రికి గండమట. పన్నెండు దాటితే ఏ బాధా లేదని పంతులు గట్టిగా చెప్పాడట. కాబట్టి పన్నెండు దాటేదాకా బిడ్డను ఆపాలి.

ఆపడం అంటే ఏమిటో నాకు మొదట అర్థం కాలేదు.

"మా కాలంలో ఆపేవాళ్ళు" అంది ఆమె. "కాళ్ళు దగ్గరికి పట్టుకుంటే సరిపాయ. ఇరవై నిమిషాలే కదమ్మే."

మా పుస్తకంలో రక్తం ఆగకపోతే ఏం చేయాలో ఉంది. బిడ్డ అడ్డం తిరిగితే ఏం చేయాలో ఉంది. ఇలా అడిగితే ఏం చెప్పాలో ఎక్కడా లేదు. అలా చేయకూడదు పెద్దమ్మా, బిడ్డకు ఊపిరి ఆడదు అన్నాను. అన్నానని నేను అనుకున్నాను. ఆమెకు వినపడినట్టు లేదు.

గోడకున్న ఫోన్ ఎత్తి థియేటర్‌కు చేశాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. తలుపు బయట యామినక్క భర్త సుధీరన్న నిలబడి ఉన్నాడు. ఆయన దగ్గరికి పోయి, థియేటర్ తలుపు కొట్టి సిస్టర్‌ను పిలుచుకు రమ్మని బతిమాలాను. మా ఊళ్ళో నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవని మనిషి ఆయన. మర్యాదగానే విన్నాడు. విని, నా తల మీదుగా వాళ్ళమ్మ వైపు చూశాడు.

"అమ్మా, పోవాల్నా?"

"రోంతసేపు ఆగు నాయనా."

ఆయన ఆగాడు. ఇంజనీరింగు చదివిన మనిషి. ఫోన్ తీసి టైం చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

నేనే పరిగెత్తి పోదామా అనుకున్నాను. పోతే ఈ గదిలో యామినక్క దగ్గర ఓబుళమ్మ తప్ప ఎవరూ ఉండరు. పోకపోతే సిస్టర్ రాదు. గడపకు ఇటొక కాలు అటొక కాలు పెట్టి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనక నుంచి యామినక్క, "అత్తా, వదులు, వస్తాండాది" అనడం వినిపించి తిరిగి చూశాను.

ఓబుళమ్మ రెండు చేతులతో యామినక్క మోకాళ్ళను దగ్గరికి నొక్కి పట్టుకుని ఉంది. కోపంగా కాదు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. ఆమె యామినక్కతో చెబుతోంది, చిన్నపిల్లకు చెప్పినట్టు.

"రోంత ఓర్చుకో తల్లీ. సుధీరు పుట్టిన ఏడాదికే వాళ్ళ నాయన పాయ. వీడి నక్షత్రమే తినిందని ఊరంతా అనిరి. చంకలో బిడ్డను పెట్టుకుని ఎన్ని మాటలు పడినానో నాకు తెలుసు. ఆ మాటలు నీ బిడ్డకు వద్దు. నీకూ వద్దు. రోంతసేపే."

మా ఊళ్ళో ఆ మాట నేనూ విన్నాను. ఓబుళమ్మ భర్త పెద్దయ్య ట్రాక్టరు బోల్తాపడి పోయాడని అందరికీ తెలుసు. అయినా సుధీరన్న నక్షత్రం గురించే చెప్పుకుంటారు.

గుండె చప్పుడు మారింది. గుర్రం పరుగు కాస్తా నడకైంది. నొప్పి వచ్చినప్పుడల్లా నెమ్మదించి, నొప్పి తగ్గాక కూడా మళ్ళీ అందుకోవడం లేదు. ఆ చప్పుడుకు అర్థం ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఓబుళమ్మ, "చూడు, బిడ్డ నిదానించింది" అని సంతోషపడింది.

ముట్టుకుంటే కేసు. ముట్టుకోకపోతే ఆ చప్పుడు ఆగిపోతుంది. పెద్దమ్మా, బిడ్డ చచ్చిపోతుంది అని అరవాలి. నోరు తెరిచాను. గాలి వచ్చింది కానీ మాట రాలేదు. బడిలో టీచరు లేపి నిలబెట్టినప్పుడు కూడా నాకిలాగే అయ్యేది. అప్పుడైతే పక్క పిల్ల చెప్పేది. ఇక్కడ పక్కన ఎవరూ లేరు.

నేను పోయి ఓబుళమ్మ వేళ్ళు పట్టుకున్నాను. ఒక్కొక్కటిగా యామినక్క మోకాళ్ళ మీద నుంచి తీశాను. ఆమె నన్ను తిట్టలేదు, కొట్టలేదు. హుసేన్ వలి కూతురు తన చెయ్యి పట్టుకుందనే ఆశ్చర్యంలోనే ఉండిపోయింది. ఆ ఆశ్చర్యం చాలింది. తల అప్పటికే బయటికి వచ్చేసింది.

ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలుగానే గుర్తుంది. పేగు మెడకు వేసుకుని ఉంది. వేలు దూర్చి తల మీదుగా దాటించాను. భుజం, తర్వాత రెండో భుజం. ఒక్కసారిగా బిడ్డంతా నా చేతుల్లోకి జారింది. ఆడపిల్ల. బిడ్డ పుట్టగానే గడియారం చూసి టైం పైకి చెప్పాలని మాకు మొదటి రోజు నుంచీ నేర్పారు. చూశాను. పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. పైకి చెప్పాను కూడా. ఆ మాట మాత్రం ఎలా వచ్చిందో, గది నాలుగు మూలలా వినిపించేలా వచ్చింది.

బిడ్డ ఏడవలేదు.

నీలంగా ఉంది. తడిపిన గుడ్డలాగా చేతుల్లో వేలాడుతోంది. తుడిచాను, వీపు రుద్దాను, అరికాళ్ళు తట్టాను. గొట్టంతో నోరు, ముక్కు శుభ్రం చేశాను. ఏమీ లేదు. బొడ్డు కోసి, బిడ్డను వెచ్చటి దీపం కిందికి మార్చి, మూతికి మాస్కు పెట్టి ఊపిరి ఊదే బ్యాగ్ నొక్కడం మొదలుపెట్టాను. అది ఇంతకుముందు ప్లాస్టిక్ బొమ్మకు తప్ప ఎవరికీ చేయలేదు. బొమ్మకైతే ఛాతీ లేస్తే మేడం శభాష్ అంటుంది. వెనక యామినక్క, "ఏడవల్యా, దిల్షాదూ, ఎందుకు ఏడవల్యా" అని అడుగుతూనే ఉంది. ఓబుళమ్మ నరసింహస్వామిని తలుచుకుంటోంది. అహోబిలం కొండకు వస్తానని, మెట్లన్నీ మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకుంటోంది. నేను మా జేజి చెప్పే దువా తలుచుకుందామంటే ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ నొక్కుతూ పోయాను.

గడియారంలో రెండు ముళ్ళూ కలుసుకునే వేళకు బిడ్డ ఒకసారి ఎక్కిళ్ళలాగా గాలి లాగింది. ఇంకోసారి. తర్వాత పిల్లి కూత లాంటి ఏడుపు.

అప్పుడే తలుపు తెరుచుకుని తిరుపతమ్మ సిస్టర్ వచ్చింది. ఆమె గౌను నిండా రక్తం. బల్ల మీద యామినక్కను, దీపం కింద బిడ్డను, మాస్కు పట్టుకున్న నన్ను చూసింది. ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. గబగబా వచ్చి మాయ సంగతి చూసింది, రక్తం ఎక్కువగా లేదని తేల్చుకుంది, యామినక్కకు సూది వేసింది. ఆ తర్వాత, నా వైపు చూడకుండా, ఎన్నింటికి పుట్టిందని అడిగింది.

ఓబుళమ్మే ముందు జవాబిచ్చింది.

"పన్నెండు దాటినాక, సిస్టరమ్మా. నువ్వు లోపలికి వచ్చినాకనే పుట్టింది."

పుట్టిన టైం నేను పైకి చెప్పినప్పుడు ఆమె నా పక్కనే ఉంది. ఇప్పుడు నా మొహంలోకి చూస్తోంది. అధికారంతో కాదు. తన వసారాలో నిలబడి అప్పు అడిగేవాళ్ళు చూసినట్టు చూస్తోంది.

తిరుపతమ్మ సిస్టర్ చేతులు కడుక్కుంది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, మిగతావాళ్ళకు వినపడకుండా మాట్లాడింది. నొప్పులు ముదిరిన తల్లి దగ్గర ఒక స్టూడెంటును వదిలేసి పోయింది తను. డాక్టరమ్మ పిలిచిందని ఎవరూ రాసుకోరు. పన్నెండు తర్వాత పుట్టిందంటే తను గదిలో ఉన్నట్టు. తను పక్కనుంటే ఇది నా కాన్పు. సాయంత్రానికల్లా సంతకం ఉంటుంది, నేను పరీక్షకు కూర్చుంటాను.

"పన్నెండుకు ముందంటే నా నంబరు పోతాది, నీ నంబరు రాదు" అంది. బెదిరించినట్టు లేదు. ఆమె కొడుకు తిరుపతిలో చదువుతున్నాడని, భర్త మంచాన ఉన్నాడని మాకందరికీ తెలుసు. "నువ్వు బాగా చేసినావు దిల్షాదూ. నేనున్నా ఇంతకంటే చేసేదాన్ని కాదు. టైం ఒక్కటే."

నేను యామినక్క వైపు చూశాను. ఆమె అయినా నిజం చెప్పమంటుందనుకున్నాను. లెక్కల్లో సున్నా తప్పు రాస్తేనే ఒప్పుకోని మనిషి. ఆమె నన్ను దగ్గరికి రమ్మంది. వంగాను.

"పన్నెండు దాటిందని చెప్పు" అంది నా చెవిలో. "ల్యాకపోతే శాంతి చేయించేదాకా వాళ్ళ నాయన బిడ్డ మొహం చూడడు. చూసినా నూనె గిన్నెలో నీడ చూస్తాడు. ఆ తర్వాత ఆయనకు జలుబు చేసినా దీన్నే అంటారు. బతికినన్నాళ్ళు అంటారు. మా అత్త పడినట్టు పడలేను. నీకు పుణ్యముంటాది."

ముగ్గురూ అడిగారు. ముగ్గురికీ కారణం ఉంది. నాకూ ఉంది, అందరికంటే పెద్దది. ఒక్క ఐదు నిమిషాలు ముందుకు జరిపితే చాలు. సుధీరన్న తన కూతుర్ని ఎత్తుకుంటాడు. సిస్టర్ ఉద్యోగం ఉంటుంది. మా నాయన పరుపుల బండి మీద ఊరంతా తిరిగి మా పాప నర్సమ్మ అయిందని చెప్పుకుంటాడు. సరేనని తల ఊపడమే నాకు తేలిక. నేను పుట్టినప్పటి నుంచీ తల ఊపుతూనే ఉన్నాను.

దీపం కింద బిడ్డ ఉంది. రంగు తిరిగింది. చూసేవాళ్ళకు బాగానే ఉన్నట్టుంటుంది. నేను నా వేలు దాని అరచేతిలో పెట్టాను. పుట్టిన బిడ్డ ఎవరైనా వేలు పెడితే గట్టిగా పట్టుకుంటుంది. ఇది పట్టుకోలేదు. వేళ్ళు అలా తెరిచే ఉన్నాయి. మళ్ళీ పెట్టాను. అయిదు నిమిషాలు ఊపిరాడని బిడ్డకు ఆ రోజో మర్నాడో ఫిట్స్ రావచ్చని, ముందే తెలిస్తే పిల్లల వార్డులో పెట్టి కనిపెట్టుకుని ఉంటారని మా మేడం పాఠం చెప్పింది. తెలియకపోతే పొత్తిళ్ళలో చుట్టి తల్లి పక్కన పడుకోబెడతారు. ఇంటిల్లిపాదీ నిద్రపోతున్నప్పుడు ఏమైనా అయితే అది నిద్రలో కదిలిందనుకుంటారు.

పుట్టగానే ఏడ్చిన బిడ్డకూ, ఐదు నిమిషాలు ఏడవని బిడ్డకూ మధ్య ఉన్న తేడా ఆ ఐదు నిమిషాలే. టైం మారిస్తే నేను చెరిపేసేది ఆ తేడానే.

ఇంతలో పిల్లల డాక్టరు అరుణ్ కుమార్ సార్ వచ్చారు. థియేటర్‌లో పుట్టిన బిడ్డను చూసి, ఇక్కడ కూడా కాన్పైందని ఆయా చెబితే ఇటు వచ్చారట. ఆయన వెనకే సుధీరన్న గడప దాకా వచ్చి, లోపలికి రావచ్చా అని వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె రా అన్నట్టు తల ఊపింది. ఆయన బిడ్డ వైపు చూసి నవ్వాడు. నాన్న నవ్వు అది. దాన్ని చూడలేక నేను నేల వైపు చూశాను.

డాక్టరు బిడ్డ గుండె విన్నారు, కళ్ళు చూశారు. పుట్టగానే ఏడ్చిందా అని అడిగారు.

"ఏడ్చింది సార్. పన్నెండు గంటల రెండు నిమిషాలకు పుట్టింది. పుట్టగానే ఏడ్చింది" అంది తిరుపతమ్మ సిస్టర్.

ఆయన సరేనని స్టెతస్కోపు మెడలో వేసుకున్నారు. పోబోతూ బిడ్డ చెయ్యి పైకెత్తి వదిలారు. అది పట్టు లేకుండా కింద పడింది. ఇంకోసారి ఎత్తి వదిలారు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"పుట్టగానే ఏడ్చిన బిడ్డ ఇట్లా ఉండదే. కాన్పు టైంకు దగ్గర ఎవరున్నారు?"

సిస్టర్ ట్రేలో కత్తెరలు సర్దుతోంది. ఓబుళమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యామినక్క నన్నే చూస్తోంది. వద్దని ఆమె పెదవులు కదిలాయి.

"పదకొండు యాభై ఐదుకు పుట్టింది సార్" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. డాక్టరు దగ్గరికి వచ్చి వంగారు. మళ్ళీ చెప్పాను. "పేగు మెడకు వేసుకుని ఉండింది. ఐదు నిమిషాలు ఏడవలేదు. బ్యాగ్ పట్టినాము."

పట్టినాము అన్నాను. పట్టినాను అనడానికి ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత ఆయన ఎవరి మొహమూ చూడలేదు. ఆక్సిజన్ పెట్టమన్నారు, అంబులెన్సు పిలవమన్నారు. బిడ్డను వెచ్చగా చుట్టించి, పిల్లల వార్డుకు వెంటనే పంపాలని, ఇంకాస్త ఆలస్యమైతే తనేమీ చెప్పలేనని సుధీరన్నతో అన్నారు. సుధీరన్న చేతులు చాపాడు, బిడ్డను ఎత్తుకోవడానికి. అంతలో ఓబుళమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని వెనక్కి లాగి, తన కొంగుతో ఆయన కళ్ళు మూసింది. అంత పెద్ద మనిషి అలాగే నిలబడ్డాడు, కళ్ళు మూయించుకుని. ఆయా బిడ్డను ఎత్తుకుని ఆయన పక్క నుంచే పరిగెత్తింది. యామినక్క గోడ వైపు తిరిగింది. ఏడుస్తోందో లేదో తెలియలేదు. వీపు మాత్రం నాకు కనిపించింది. ఆమెకు నేను చేసిన మేలు ఏమిటో చెప్పాలనుకున్నాను. అది మేలో కాదో నాకే తెలియలేదు.

డాక్టరు గుమ్మం దాకా పోయి ఆగారు. ఏదో లెక్క సరిపోనట్టు వెనక్కి తిరిగారు.

"పదకొండు యాభై ఐదుకు మీరు థియేటర్‌లో నా పక్కనే ఉన్నారు కదా సిస్టర్" అన్నారు నెమ్మదిగా. "మరి ఈ బిడ్డను పట్టింది ఎవరు?"

నేను నోరు తెరిచాను. నా కంటే ముందే తిరుపతమ్మ సిస్టర్ మాట్లాడడం మొదలుపెట్టింది. ఆమె ఏం చెప్పిందో వచ్చే వారం.